మొదటి బుట్ట ఎవరికి?

మాకు దగ్గరుండి ఇల్లు కొనిపెట్టిన ప్లీడరు గారు మొన్న పోయారు. పాలు పోసే ఆవిడ చెబితే తెలిసింది.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో నూజివీడులో ఆ ఇల్లు బేరానికి వచ్చింది. "ఇల్లు కొనడానికి ప్లీడరేంటి, మనమేమన్నా దొంగతనం చేశామా?" అన్నారు మా ఆయన. నేను వింటేగా! మామిడితోటల్లో ఎండనపడి ఇద్దరం కూడబెట్టిందంతా ఆ ఇంట్లోనే పోస్తున్నాం మరి.

ప్లీడరు గారు వచ్చారు. ఖాళీ ఇల్లే అయినా చెప్పులు బయటే విడిచారు. కాగితాలు ముట్టుకోకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళి, కాపు మీదున్న చిన్నరసం మామిడిచెట్టు కింద నిలబడ్డారు.

"ఈ కాయలు ఎవరికి పంపుతారండీ?"

"మొదటి బుట్ట విస్సన్నపేటలో మా అక్కకండీ. నాన్న ఉన్నప్పట్నుంచీ అంతే," అన్నాడు అమ్మే ఆయన గొప్పగా.

"ఇల్లు కట్టింది నాన్నగారేనా? వీలునామా ఏమన్నా రాశారా?"

"కట్టింది ఆయనేనండీ. వీలునామా ఏమీ లేదు."

"అయితే అక్కగారికీ వాటా ఉంది. ఆవిడ సంతకం కావాలి."

"ఆడపిల్లకి కాయలిస్తాం గానీ ఇల్లిస్తామాండీ?" అని ఆయన విసురుగా వెళ్ళిపోయాడు.

బేరం చెడిందని మా ఆయన నా మీద విరుచుకుపడ్డారు. నాకూ ఏడుపొచ్చింది. ప్లీడరు గారు మాత్రం నెమ్మదిగా, "ఇది పోతే ఇంకో ఇల్లు దొరుకుతుందమ్మా. రేపు ఆవిడ వచ్చి నా వాటా ఏదంటే ఏం చెప్తావు?" అన్నారు.

చివరికి తమ్ముడు దిగొచ్చాడు, అక్క వచ్చింది. ఇల్లు అమ్ముతున్నారని ఆవిడకు అప్పటిదాకా తెలియదు. ప్లీడరు గారు దస్తావేజంతా చదివి వినిపించి, "ఇష్టమేనా అమ్మా?" అన్నారు. "నన్ను అడిగినవాళ్ళు మీరొక్కరేనండీ," అంది ఆవిడ. తన వాటా తీసుకునే సంతకం పెట్టింది.

అంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మొదటి బుట్ట ఆ అక్కగారికి పంపడం మేమూ మానలేదు. ఏటా ప్లీడరు గారికి కాయలు తీసుకెళ్తే, "విస్సన్నపేట వెళ్ళిందా?" అని అడిగేవారు. వెళ్ళిందంటేనే పుచ్చుకునేవారు.

ఈ ఏడు కాయ కోసేసరికి విస్సన్నపేట ఆవిడే బస్సు దిగి వచ్చింది. "నా బుట్ట ఆయనింటికే పోనీ," అంది.

ఇద్దరం కలిసి మోసుకెళ్ళి ఆయన వరండాలో దించాం. ఖాళీ కుర్చీ ముందు కాసేపు అలాగే నిలబడ్డాం, ఆయన అడుగుతారేమో అన్నట్టు.