అత్త గొంతు కింద పడ్డ కార్డు

ఆ రోజుల్లో గిటార్ చేతిలో ఉంటే చాలు, మనిషి సగం కళాకారుడైపోయినట్టే అనుకునేవాణ్ణి. మిగతా సగం బాధ చుట్టుపక్కలవాళ్లు పడేవారు. వనపర్తిలో డిగ్రీ చదువుతూ అద్దె గదిలో సాధన చేస్తుంటే ఇంటి ఓనరమ్మ "బాబూ, చదువుకుంటలేవా?" అని తొంగిచూసేది (నిజంగా చదువుకుంటున్నప్పుడు ఏనాడూ చూడలేదు).

గద్వాలలో ఉండే మా మేనత్తకు ఇద్దరు కూతుళ్లు. పెద్దామె పెళ్లికి కొల్లాపూర్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు దోస్తు ఒకతను, తాను సొంతంగా కట్టుకున్న పాటను గిటార్ మీద వాయిస్తూ పాడాడు. తర్వాత అందరి నోటా అతని మాటే. అత్తకు అది మనసులో ముల్లయి కూర్చుంది. చిన్నామెకు సంబంధం కుదరగానే నన్ను పిలిపించింది.

"అల్లుడా, పెద్దదాని పెండ్లిల ఆళ్ల దిక్కు పిల్లగాడు వాయించిండు. ఈసారి మన దిక్కోడు వాయించాలె. అదే పాట. కొల్లాపూరోళ్లందరు వస్తరు" అంటూ, ఆనాడు తన ఫోన్‌లో రికార్డు చేసుకున్న పాటను నాకు పంపింది. అదెంత పని అన్నట్టు తలూపాను.

గదికొచ్చి వింటే నా గిటార్‌కూ ఆ పాటకూ ఎక్కడా పొసగలేదు. శ్రుతి చూపే ట్యూనర్ యాప్ పెడితే అందులోని సూది అత్త గొంతునే పట్టుకుని ఊగింది (ఆమె గొంతు ముందు ఎవరు మాత్రం నిలకడగా ఉంటారు?). చివరికి అతను తీగలన్నిటి శ్రుతినీ అర మెట్టు దించి వాయించాడని తేలింది. నేనూ దించుకున్నాక కార్డులు, అంటే తీగల్ని కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు, ఒక్కొక్కటే దొరకసాగాయి. కానీ చరణం ముగిసి పల్లవిలోకి తిరిగే చోట, "ఓ పిల్లా, మొగపెండ్లోళ్ల బంతికి పప్పు అందలే, జర చూడు" అని అత్త కేక. దాని కింద ఒక కార్డు పూర్తిగా కప్పబడిపోయింది. ఇయర్‌ఫోన్లు చెవుల్లో కుక్కుకుని ఎన్నిసార్లు విన్నా పప్పు తప్ప ఏమీ వినపడలేదు.

పరేషానై అత్తనే అడిగాను. "అత్తా, నువ్వు మాట్లాడిన కాడ గిటార్ ఎట్ల మోగిందో జర యాది చెయ్యి."

"పప్పు యాదికున్నది గని పాట యాదికి లేదురా."

"పోనీ, ఆయన్నే ఫోన్ చేసి అడగనా?"

"మొగపెండ్లోళ్ల దిక్కు పోయి అడుక్కుంటవా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

ఆ దారీ మూసుకుపోయింది.

పెళ్లిరోజు కొల్లాపూర్ వాళ్లంతా ముందు వరసలో కూర్చున్నారు, ఆ గిటార్ మనిషితో సహా. అత్త పట్టుచీర కొంగు సర్దుకుంటూ నన్నే చూస్తోంది. చరణం చివరికొచ్చేసరికి, తప్పు కార్డు వేసి ఆమె పరువు తీయడం కంటే ఇది నయమని, అరచేత్తో తీగల్ని అదిమేసి ఉత్త గొంతుతో పాడి పల్లవిలో పడ్డాను. చప్పట్లు మోగాయి.

కిందికి దిగగానే అతను వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "తమ్మీ, ఆడ ఆపుడు మంచిగ కుదిరింది. ఆనాడు నేను ఆడనే తప్పు వాయించిన. మీ అత్త పప్పు పప్పు అనబట్టి ఎవ్వలకు తెల్వలే" అన్నాడు.

అంటే నేను చెవులు నొప్పి పుట్టేలా వెతికింది అతని తప్పునన్నమాట.

అత్త పరుగున వచ్చి, "ఏమంటుండు?" అంది.

"మంచిగున్నదంటుండు."

"ఉండదా మరి? రికార్డు చేసిందెవరు?"

ఇప్పుడు ఏ పాటకైనా కార్డులు ఫోనే చెప్పేస్తుంది. లేని కార్డు కోసం కళ్లు మూసుకుని కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. మళ్లీ ఏ పాటనూ నేను అంత శ్రద్ధగా వినలేదు.