రేడియో ఆగినప్పుడు వచ్చే ఫోను

ముంబై పక్కనున్న మా భివండిలో పుట్టిన పిల్లలకు జోలపాట అక్కర్లేదు. గోడ అవతల మగ్గాలు ధడధడా కొట్టుకుంటుంటే కళ్లు వాటంతట అవే మూతపడతాయి. కరెంటు పోయి మగ్గాలు ఆగాయంటే మాత్రం ఉయ్యాలలో పసివాడి నుంచి మంచంలో ముసలమ్మ దాకా అందరూ ఉలిక్కిపడి లేస్తారు. బయటి ఊళ్లవాళ్లకు ఈ మాట చెప్తే నవ్వుతారు. నవ్వుకోనీండి. అంకుశం కాక సంగతి తెలియాలంటే ముందు ఇది తెలియాలి.

అంకుశం నాకు చుట్టం కాదు. నిజాంపురాలో నాకు మొబైల్ రిపేరు దుకాణం ఉంది. ఆ బిల్డింగు టెర్రస్ మీద ఉన్న రేకుల గది కేబుల్ వాళ్ల కంట్రోల్ రూము. కాక ఆ గదికి కాపలాదారు, ఆపరేటరు, కాపురస్తుడు కూడా. సిరిసిల్ల పక్క పల్లె నుంచి పదిహేడో ఏట కూలికి వచ్చి ఇక్కడి కనేరి పేటలో ముప్ఫై ఏళ్లు మగ్గాలు నడిపాడు. దానికి బహుమానంగా చెవులు దెబ్బతిన్నాయి. గట్టిగా మాట్లాడితే వినిపిస్తుంది గానీ ఈల, పిచ్చుక కూత, ఫోను మెసేజి లాంటి సన్నటి చప్పుళ్లు వినిపించవు. అందుకే ఫోనుకు డప్పు మోత పెట్టించుకున్నాడు నా దగ్గర. భార్య చంద్రవ్వ పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు.

కేబుల్లో చానెళ్లన్నీ ముంబై నుంచి తీగలో వాటంతట అవే వస్తాయి. చివరి నంబరులో ఉన్న తెలుగు రేడియో ఒక్కటే కాక గదిలో తయారవుతుంది. టెర్రస్ మీది డిష్ దాన్ని ఆకాశం నుంచి పట్టుకుంటే, గదిలోని రిసీవరు కేబుల్లోకి ఎక్కిస్తుంది. టీవీలో పెడితే నల్లటి తెర, దాని మీద పేరు, అంతే. పొద్దున భక్తి పాటలు, తర్వాత వార్తలు, మధ్యాహ్నం నాటికలు. ఈ కాలంలో ఎవరు వింటారని మీకు అనుమానం రావచ్చు. కనేరిలో సమ్మవ్వ వినేది.

సమ్మవ్వ భర్త కనకయ్యా, మా కాకా ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాల మీద పనిచేశారు. కనకయ్య పోయాడు. సమ్మవ్వకు మోకాళ్లు పోయాయి. గది దాటలేని మనిషికి పొద్దస్తమానం ఆ రేడియోయే తోడు. వానకో గాలికో సిగ్నల్ పడిపోయి పాట తెగిందంటే ఐదు నిమిషాల్లో కాక ఫోను డప్పు కొట్టేది.

"ఓ అంకుశం, రేడియో బందైంది."

"చూస్తున్న వదినె."

కాక డిష్ మూతి మీది నీళ్లు తుడిచేవాడు, వదులైన తీగ బిగించేవాడు. మళ్లీ ఫోను వచ్చేది. "ఆఁ, వచ్చింది. బువ్వ తిన్నవా?" "తిన్న." "ఏం కూర?" "ఆలుగడ్డ." "రోజు గదేనా? జర ఆకుకూర వండుకోరాదు." అంతే ఆ ముచ్చట. ఇద్దరూ మగ్గాల మధ్య బతికినవాళ్లు కాబట్టి ఫోనులో కూడా మగ్గాల మధ్య ఉన్నట్టే అరుచుకునేవాళ్లు. కింద నా దుకాణంలో కూర్చుంటే కాక ఏం కూర తిన్నాడో నాకు రోజూ తెలిసేది. రోజూ అంటే వానాకాలంలో. ఎండాకాలంలో వారానికో, పది రోజులకో ఒకసారి.

పోయిన జూన్‌లో పాత రిసీవరు కాలిపోయింది. కేబుల్ యజమాని కిషన్ కొత్త డిజిటల్ రిసీవరు తెచ్చి పెట్టాడు. చెడ్డవాడు కాదు గానీ నోరు పెద్దది.

"కాకా, ఇది షానా మిషన్, మస్తు తెలివున్నది. దీంట్ల అలారం ఉన్నది. కస్టమర్ ఫోన్ చేసేదాంక మనకు తెల్వకపోవుడేంది? ఒక్క కంప్లైంట్ గూడ రావొద్దు, సమజ్ గయా?" అన్నాడు. దాని మెనూ అంతా ఇంగ్లీషు. చదవడానికి నన్ను పైకి పిలిచారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే మా పేటలో ఇంజినీరే.

మొదట సిగ్నల్ నాణ్యత పేజీ తెరిచాను.

"కాకా, ఎంతకు పడితే అలారం కొట్టాలె అని అడుగుతున్నది."

"ఇప్పుడు ఎంతున్నది?"

"పన్నెండు."

"పాట ఎప్పుడు తెగుతది?"

"ఏడు కిందికి పోతే."

కాక ఆ అంకె వంకే చూశాడు. "అయితే ఏడుకే పెట్టు సాగర్."

"పాట తెగినంక కొడితే ఏం ఫాయిదా? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. తొమ్మిదికి పెడుతున్న. తెగకముందే నీకు ఎరుకైతది, నెట్ లైను మీదికి మార్చుకోవచ్చు."

డిష్ మొరాయిస్తే అదే రేడియోను ఇంటర్నెట్ నుంచి తీసుకునే ఏర్పాటు కిషన్ కొత్తగా చేయించాడు. కాక ఇంకేదో అనబోయి, "పెట్టు మరి" అన్నాడు.

పక్షి అడ్డమొచ్చినా అలారం కొట్టకుండా ఐదు సెకన్ల గడువు పెట్టాను. తర్వాతి పేజీ శబ్దానిది. ఎన్ని సెకన్లు చప్పుడు లేకపోతే రేడియో ఆగినట్టు లెక్క అని అడుగుతోంది. కాకనే అడిగాను.

"అది మనిషిని బట్టి ఉంటది గద" అన్నాడు. "వార్తలు సదివేటాయన జర ఆగుతడు. నాటకంల ఏడ్సేటామె ఇంక కొంచెం ఎక్కువ ఆగుతది."

ఇరవై సెకన్లు పెట్టాను. అలారం మోగించి చూపించాను. సన్నగా కీచుమంది. కాక నా ముఖంలోకి చూస్తూ ఎప్పుడు మోగుతుందా అని ఎదురుచూస్తున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. పెద్ద హారన్ పెడదామన్నాను. వద్దన్నాడు.

"సప్పుడుకు నాకు మెలకువ రాదు సాగర్. ముప్పయ్యేండ్లు సప్పుడులనే పండుకున్న. నువ్వు ఉల్టా చెయ్యి. అంతా మంచిగున్నప్పుడు మోగాలె. ఖరాబైతే ఆగాలె. ఆగితె నేను లేస్త."

నాకు నవ్వాగలేదు. లోకంలో ఏ అలారమైనా ఆపద వస్తే అరుస్తుంది. ఈయనకు ఆపద వస్తే నోరు మూసుకునే అలారం కావాలి. పాత సామాను దుకాణం నుంచి కండెలకు నూలు చుట్టే మోటారు ఒకటి తానే మోసుకొచ్చాడు. రిసీవరు వెనక అలారం తీగలను తిరగేసి, మధ్యలో ఒక స్విచ్ పెట్టి, మోటారుకు కలిపాను. సిగ్నల్ బాగున్నంతసేపూ అది గడగడమని తిరుగుతూనే ఉంటుంది. కిషన్ వచ్చి చెవులు మూసుకుని "ఇది కంట్రోల్ రూమా, కార్ఖానానా?" అన్నాడు. కాక మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం తిని మోటారు పక్కనే చాప వేసుకుని గుర్రుపెట్టాడు. ఆ నిశ్శబ్దపు గదిలో చేరినప్పటి నుంచి తనకు సరైన నిద్ర లేదని అప్పుడే చెప్పాడు.

నాలుగో రోజు వాన దంచికొట్టింది. మోటారు ఠక్కున ఆగింది. కునుకు తీస్తున్న కాక అంతే ఠక్కున లేచి కూర్చుని నెట్ లైను మార్చేశాడు. పాట ఒక్క అక్షరం తెగలేదు. నేను చప్పట్లు కొట్టాను.

జూలై అంతా అలాగే గడిచింది. అంత వానాకాలంలో రేడియో ఒక్కసారి కూడా ఆగలేదు. కిషన్ కాకను మెచ్చుకున్నాడు. సెట్టింగు నాదేనని నేను దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ గొప్పలు చెప్పుకున్నాను.

ఆగస్టులో ఒకరోజు కాక కిందికి దిగివచ్చి ఫోను నా ముందు పెట్టాడు. "ఖరాబైందేమో చూడు." నా ఫోను నుంచి చేశాను. డప్పు మోగింది. మంచిగానే ఉందన్నాను. రెండు రోజులకు మళ్లీ వచ్చాడు. సిమ్ తీసి తుడిచి పెట్టాను. మూడోసారి వచ్చేసరికి నాకు చిర్రెత్తింది. ఎదురుగా నలుగురు గిరాకీలు నిలబడి ఉన్నారు.

"ఎవల ఫోను కోసం కాకా గింత పరేషాన్? పెండ్లి సంబంధమా?"

వాళ్లు నవ్వారు. కాక నవ్వలేదు. ఫోను జేబులో పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. నాకు అప్పుడే వెలగాలి. పైనుంచి ఆలుగడ్డ కూర ముచ్చట వినిపించి ఎన్నాళ్లయిందో గుర్తుకు రావాలి. ఊళ్లో ఫోనులన్నీ విప్పి చూసే నాకు ఆ ఒక్క సంగతి తట్టలేదు.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున పదకొండింటికి గాలివాన వచ్చింది. నా దుకాణం టీవీలో రేడియో తెగిపోయింది. కాక మారుస్తాడులే అని ఊరుకున్నాను. ఎంతకూ రాలేదు. పడిపోయాడేమోనన్న భయంతో పైకి పరుగెత్తాను.

కాక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఫోను. పక్కన మోటారు ఏమీ ఎరగనట్టు గడగడా తిరుగుతోంది. మెనూ చూస్తే అలారాలన్నీ ఆపేసి ఉన్నాయి, అందుకే మోటారు ఆగలేదు. నేను నొక్కుతుంటే చూసి నేర్చుకున్నాడు.

"కాకా, రేడియో తెగింది."

"ఎరికే. జర ఆగు."

"ఎంతసేపైంది?"

"ముప్పావుగంట."

"ఎవలన్న ఫోను చేసిన్రా?"

తల అడ్డంగా ఊపాడు. సమ్మవ్వే కాదు, ఎవ్వరూ చేయలేదు. చివరికి కిషన్ కూడా చేయలేదు.

"ఆమె ఐదు నిమిషాల కంటె ఎక్కువ ఎన్నడు ఆగలె సాగర్" అన్నాడు.

నేను నెట్ లైను మార్చేసరికి కాక చెప్పులు తొడుక్కుంటున్నాడు. దుకాణం షట్టరు దించి నేనూ ఆటో ఎక్కాను. అప్పుడు అడిగాను, ఇన్నాళ్లూ నువ్వే చేయొచ్చు కదా అని.

"ఏమని చెయ్యాలె? మగడు లేని ఆడామె. చుట్టుముట్టు గోడకు గోడ ఇండ్లు. నేను ఊకె ఫోను చేస్తే నలుగురు నాలుగు అనరా? రేడియో బందైతే అది వేరు."

కనేరిలో సమ్మవ్వ గదికి తాళం ఉంది. పక్క గడపలో స్వర్ణ అనే కోడలుపిల్ల బియ్యం ఏరుతోంది. సమ్మవ్వ ఏదని అడిగాను.

"అయ్యో, మీకు తెల్వదా? రాఖిపున్నం ముంగట జరమొచ్చింది. బిడ్డ పూనం వచ్చి సూరత్ తోల్కపోయింది. వారం తిరగక ముందే ఆడనే పాణం పోయింది. దినాలు గూడ అయిపోయినయి." ఆమె చేట పక్కన పెట్టింది. "మీరెవలు?"

"రేడియో కాడి నుంచి వచ్చినం" అన్నాడు కాక. పేరు చెప్పలేదు.

"రేడియో అంటె యాదికొచ్చింది. జరం మీద గూడ ఆమెకు గదే ముచ్చట. 'గిన్ని వానలు కొడుతున్నయి, రేడియో ఒక్కనాడు బందైతలేదేందే స్వర్ణా' అనేది. బందైతే మంచిదా అవ్వా అంటె, 'బందైతే అంకుశానికి ఫోను చేసి బువ్వ తిన్నవా అని అడుగుదును, ఊకె ఎట్ల చెయ్యాలె' అనేది. నేను నవ్వేదాన్ని. ఆ అంకుశం ఎవలో ఏమో, మీ ఆఫీసులనే ఉంటడా?"

"ఉంటడు" అన్నాడు కాక.

తిరుగు ఆటోలో ఆయన ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. ఏడుకు పెట్టమని ఆయన నోరు తెరిచి అడిగాడు. తొమ్మిది పెట్టింది నేను. ఆ తెలివి మీద నాకు అసహ్యం వేసింది. గదికి వచ్చాక కాక నన్ను పిలవకుండానే మెనూ తెరిచి అలారాలన్నీ మళ్లీ పెట్టాడు. తొమ్మిది దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది గానీ తొమ్మిదే పెట్టాడు. వాన తగ్గాక డిష్ తుడిచి వచ్చి మోటారు పక్కన చాప మీద కూర్చున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పి, మళ్లీ మూత పెట్టేశాను. ఇన్నేళ్లుగా కింద కూర్చుని ఆయన ఏం తిన్నాడో వింటూ ఉన్నాను గానీ, ఒక్కరోజు నేను అడిగింది లేదు. పదిహేను మెట్లెక్కితే గది. అయినా ఫోనే చేశాను. పైన డప్పు మోగింది. మొదటి మోతకే ఎత్తాడు.

"రేడియో బందైందా?"

"లేదు కాకా. బువ్వ తిన్నవా?"

 ఫోనులో మోటారు గడగడ ఒక్కటే వినిపిస్తోంది. ఇరవై సెకన్లు దాటే ఉంటుంది.

"రేడియో మంచిగనే వస్తున్నది గద" అన్నాడు చివరికి. "మరి ఎందుకు చేసినవ్?"