జ్ఞానమణి టీచరమ్మ వాదన

జ్ఞానమణి టీచరమ్మకు ఒక వింత గుణం ఉండేది. ఏ పాఠమైనా తలకిందులుగానే అర్థం చేసుకునేది. అంతటితో ఊరుకోదు, మాతో వాదనకు దిగేది. దిగిన ప్రతిసారీ చిత్తుగా ఓడేది.

పందొమ్మిది వందల ముప్పై ప్రాంతంలో, కడపలో ఆడవాళ్ల టీచరు ట్రైనింగు స్కూల్లో మేము ఆమె శిష్యులం. ముందురోజే పాఠం చదువుకుని రావాలి. మరునాడు ఒకరు బల్ల దగ్గర నిలబడి చర్చ నడపాలి. ఒకసారి షావుకారు ఊరికి బావి తవ్వించిన పాఠం వచ్చింది.

"పాపం, అంత పొట్టేసుకోని బావిలోకి ఎట్ల దిగినాడో!" అంది టీచరమ్మ.

"తవ్వలేదమ్మా, తవ్వించినాడు!" తరగతంతా లేచింది.

"అట్లనా? యాడుండాదో చూపించండి."

చూపించేదాకా వదలదు. ఈమెకు ఉద్యోగం ఎవరిచ్చారా అని నవ్వుకునేవాళ్లం. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ నోరు తగ్గించుకోమని విన్నవాళ్లమే అందరం. వాదనలో ఒక మనిషిని ఓడించడం ఎంత బాగుంటుందో అక్కడే తెలిసింది.

సుంకమ్మ మాత్రం పెదవి కదిపేది కాదు. చిన్న వయసులోనే భర్త పోయి, కోయిలకుంట్లలో అన్న ఇంట్లో ఉండి వచ్చింది. స్కూళ్ల ఇనస్పెక్టరు ముందు చర్చ నడపలేకపోతే సర్టిఫికెట్టు రాదు. మళ్లీ అన్న ఇంట్లో వంటింటికే పోవాలి.

ఆ రోజు రానే వచ్చింది. ఇనస్పెక్టరే పాఠం ఎంచి పంపాడు. అందులో ఒక కోడలు. ఇంటి కప్పు అంటుకుంటే, బయట ఉన్న అత్తగారి ముందుకొచ్చి, ఆమె పలకరించేదాకా తల వంచుకుని నిలబడి, అప్పుడు నిప్పు సంగతి చెబుతుంది. ఆమె వినయాన్ని ఊరంతా మెచ్చుకుంటుంది.

బల్ల దగ్గర సుంకమ్మ పుస్తకం తెరిచి పట్టుకుంది. చర్చ మాత్రం మొదలుపెట్టలేదు. ఇనస్పెక్టరు గడియారం చూసుకున్నాడు.

టీచరమ్మ లేచింది. "శానా మంచి కోడలు! ఇల్లు పోతే పోయింది, మర్యాద నిలిచింది. లోపల ఎవరూ లేరు కదా, తొందరేముండాది?"

"ఉండారమ్మా!" సుంకమ్మ గొంతు పగిలినట్టు వచ్చింది. "ఉయ్యాల్లో బిడ్డ ఉండాది!"

"యాడ?"

"ఇదో, ఈడ, రెండో పేరాలో. మర్యాద గురించి ఇంత రాసినోళ్లు బిడ్డ ఏమయిందో రాయనేలేదు. తప్పు ఆ కోడలిది కాదు, నోరు తెరవద్దని నేర్పినోళ్లది." మా వైపు తిరిగింది. "మీరంతా ఏమంటారు?"

ఇంకేముంది, అందరం ఒక్కసారే మాట్లాడాం.

ఇనస్పెక్టరు కళ్లజోడు సవరించుకుని, ఆ బిడ్డ చివరికి ఏమయిందోనని పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. దొరకలేదు.

"ఈ అమ్మాయి పాసు" అన్నాడు చివరికి. "మీరే పాఠం కాస్త శ్రద్ధగా చదవాలి, టీచరుగారూ."

"అట్లనే సార్."

ఆయన బండి కదిలాక సుంకమ్మ టీచరమ్మ దగ్గరికి వెళ్లింది.

"బిడ్డ సంగతి మీకు ముందే తెలుసు కదమ్మా? కావాలనే ఓడిపోతాండారా?"

టీచరమ్మ గబుక్కున తలుపు మూసింది.

"మెల్లగా మాట్లాడు తల్లీ! పక్క గదిలో ఈ యేడు చేరిన కొత్తోళ్లు ఉండారు. నాకేమీ రాదని వాళ్లకు ఇప్పుడిప్పుడే నమ్మకం కుదురుతాండాది."