మర్ఫీ తాత ఓడెక్కిన తరువాత...

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి నుంచి రాగానే నానమ్మకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. అందరికీ అన్నాలు పెట్టేసి, అంట్లు అలాగే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని బహదూర్‌పురాలోని మా గల్లీ దాటి జూ గేటుకు బయల్దేరేది.

జంతువులను చూడడానికి కాదు... టికెట్ల కిటికీ దగ్గర తెల్లవాళ్ళు కనిపిస్తే, కొంగు సర్దుకుని నేరుగా ఎదురెళ్ళేది.

"ఐర్లాండ్? యూ ఐర్లాండ్?"

వాళ్ళు నవ్వి తల అడ్డంగా ఊపేవారు. నాకేమో సిగ్గుతో చచ్చినంత పనయ్యేది!

నానమ్మవి ఆకుపచ్చ కళ్ళు... గల్లీలో "పిల్లికళ్ళ మేరమ్మ" అంటేనే గుర్తుపట్టేవారు. ఆ కళ్ళు వాళ్ళ తాతవట. పేరు జాన్ మర్ఫీ. ఐర్లాండ్ నుంచి వచ్చి, ఫౌజులో గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. ఇక్కడి అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు. నానమ్మ వాళ్ళమ్మ ఇంకా ఉయ్యాలలో ఉండగానే, "మా అమ్మను చూసొస్తా" అని ఓడ ఎక్కాడు. అంతే... మళ్ళీ కబురు లేదు.

ఒకసారి ఇంటికి తిరిగొస్తూ ఉండబట్టలేక అడిగాను. "ఎందుకు నానమ్మా గిట్ల అందర్ని అడుగుతవు? ఆయన ఎప్పుడో సచ్చిపోయి ఉంటడు గదా!"

"సచ్చిపోయే ఉంటడు బిడ్డా. నా ఫికర్ గది కాదు. మమ్మల్ని మరిచి ఆడనే ఉండిపోయిండా... పోతా పోతా దారిలనే పాణం పోయిందా? మా అమ్మ గది తెల్వకనే పోయింది."

ఇప్పుడు ఆఫీసు నుంచి రాగానే నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాను. పాత ఓడల్లో ప్రయాణికుల పేర్లు, ఐర్లాండ్ జనాభా లెక్కలు... అన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. చిక్కల్లా ఆ పేరుతోనే. అక్కడ జాన్ మర్ఫీ అంటే మన దగ్గర యాదగిరి లాంటి పేరు... ఏ ఊళ్ళో చూసినా ఉంటారు!

వెతగ్గా వెతగ్గా, బొంబాయి నుంచి బయల్దేరిన ఓడల్లో ఇద్దరు మిగిలారు. ఇద్దరిదీ ఆ వయసే, ఆ పనే. ఒకాయన జ్వరమొచ్చి ఓడలోనే పోయాడు... సముద్రంలోనే సాగనంపారు. ఇంకొకాయన ఊరు చేరి, జనాభా లెక్కల్లో మళ్ళీ కనిపించాడు... భార్యతో, పిల్లలతో.

నానమ్మకు తొంభై దగ్గరపడ్డాయి. మొదటాయన సంగతి ఒక్కటే చెప్పేస్తే ఆమెకు హాయిగా ఉంటుంది కదా అనుకున్నాను... నోరు రాలేదు. మొన్న మంచం పక్కన కూర్చుని ఇద్దరి సంగతీ చెప్పేశాను.

నానమ్మ కొంగు సర్దుకుంది. తరువాత మెల్లగా, "రెండో ఆయన పిల్లలు మంచిగున్నరా?" అంది.

"గది రాసి లేదు నానమ్మా."

"ఇద్దరి పేరూ ఒకటే గదా... చర్చిల గా పేరు మీద ఒక పూజ చెప్పియ్యి. మనాయన ఎవరైతే ఆయనకే ముడుతది."

చెప్పించాను. ఆ రోజు నుంచి నానమ్మ మళ్ళీ ఐర్లాండ్ మాట ఎత్తలేదు. నాకే నిమ్మళం లేదు... ఫోన్ చేతికి రాగానే మళ్ళీ ఆ పేరే కొడుతున్నాను.

అప్పట్లో మనిషి ఓడెక్కితే ఎదురుచూపు ఒక్కటే మిగిలేది. ఇప్పుడు అడిగితే చాలు, వేల పేర్లు ముందుకొచ్చి నిలబడుతున్నాయి... అందులో మనవాళ్ళెవరో చెప్పేవాళ్ళే లేరు.

మీ ఇంట్లో కూడా అలా వెళ్ళి తిరిగిరాని మనిషి ఉన్నారా? ఆ పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...