బకెట్ల కొట్లో లేని రంగు

ఈ ఉదయం తెనాలిలోని మా కొట్టుకు నూలు ముక్కలు అంటించిన కొత్త రంగుల కార్డు వచ్చింది. కవరు చింపగానే కొత్తగా అద్దిన నూలు వాసన ముక్కుకు తగిలింది. కార్డు మడత విప్పకముందే నా వేళ్ళు పాత లెక్క మొదలుపెట్టాయి. అమ్ముడుపోని చీరలు అరవై నాలుగు. ఆగిపోయిన మగ్గాలు రెండు. బజారులో మేడ మీద గది ఒకటి. గాజు బీరువాలు మూడు. ఆ తర్వాత మా గుమ్మం ఎక్కని షాపులవాళ్ళు పదకొండు మంది. చివరి అంకె దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను: మనిషి ఒకరు. ఆవిడ పేరు కమలమ్మగారు. నేను పిన్నిగారు అని పిలిచేవాణ్ణి.

పదో తరగతి తప్పి, వేమూరులో రైసు మిల్లు దగ్గర బస్తాలు లెక్కపెడుతూ కూడికలూ వడ్డీలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి నేను. భర్త పోయాక చీరల హోల్‌సేల్ కొట్టును ఒక్కరే నడుపుతున్న పిన్నిగారు, నేను పనికోసం వెళ్ళిన రోజున ఒక్క కూడిక కూడా చేయమనలేదు. ఎదురుగా రెండు చీరలు పరిచి ఏది ముందు అమ్ముడుపోతుందో చెప్పమన్నారు. తెలియదండి అన్నాను. “ఆ మాట నోటికి వస్తోంది కదా, చాలు. రేపట్నుంచి రా అబ్బాయ్” అన్నారు. రంగుల వ్యాపారంలో తెలుసన్నవాడే ముంచుతాడని ఆవిడ భయం. ఆ భయాన్ని ఆవిడ దాచుకునేవారు కాదు. ఏటా కార్డు వచ్చిన రోజున అన్నం కూడా సరిగా తినేవారు కాదు.

ఆ కార్డు కథ నాకు ఆవిడే చెప్పారు. ఎక్కడో సముద్రాల అవతల ఒక గదిలో కొందరు కూర్చుంటారు. జనం అలిసిపోయి ఉన్నారా, భయపడి ఉన్నారా, ఉత్సాహంగా ఉన్నారా అని మాట్లాడుకుని, రాబోయే కాలానికి ఒక రంగును ఎంచి, దానికో ముద్దుపేరు పెడతారు. ఆ మాట విని నూలువాళ్ళు నూలుకీ, పెయింటువాళ్ళు గోడలకీ, ఫోన్ల వాళ్ళు ఫోన్లకీ అదే రంగు వేస్తారు. ఎటు చూసినా అదే కనిపించేసరికి మనకే అది కావాలనిపించిందని అనుకుంటాం. అయితే వాళ్ళ జోస్యం నిజమేగా అన్నాను. పిన్నిగారు నవ్వారు. “జోస్యం చెప్పినవాడే విత్తనాలు కూడా అమ్మితే, ఏ పంట వస్తుందో తెలియకుండా ఉంటుందా?”

అయినా ఆ పంట మన ఊరికి ఎప్పుడు చేరుతుందన్నది ఎవరూ చెప్పలేరు. అందుకు పిన్నిగారికి ఒక పద్ధతి ఉండేది. కొత్త రంగు ముందు పెద్ద హోటళ్ళ గోడల మీదికి వస్తుంది, తర్వాత సెల్‌ఫోను కవర్లకు, ఆ తర్వాత చీరలకు, అందరికన్నా చివర ప్లాస్టిక్ బకెట్లకు. అందుకని ఆర్డరు పెట్టేముందు నన్ను వెంటబెట్టుకుని రేపల్లె పాసింజరు ఎక్కేవారు. స్టేషన్ బయట బకెట్ల కొట్టు ముందు నిలబడి వరసలన్నీ చూసేవారు. ఆ రంగు బకెట్టు కనిపిస్తే చీరకు కాలం చెల్లినట్టే. కనిపించకపోతే ఇంకా వ్యవధి ఉన్నట్టు. నేనున్న మొదటి ఏళ్ళలో ఆ పద్ధతి తప్పగా చూడలేదు.

ఒక ఏడు మాత్రం కార్డు వచ్చాక ఆవిడ మరీ జంకారు. మేం తేల్చుకునేలోపు పక్క ఊరి వ్యాపారి ఆ రంగు నూలంతా కొనేసుకున్నాడు. ఆ దెబ్బ ఆవిడ మనసులో ఉండగానే మరుసటి కార్డు వచ్చింది. ఆ ఏటి రంగు మట్టి కలిసిన లేత గోధుమ. కంటికి చల్లగా, శాంతంగా ఉంటుందని దాని గొప్ప. నూలు ఏజెంటు ఫోనులో బొమ్మలు చూపిస్తూ, “గోడలకీ ఇదేనండి, కార్లకీ ఇదేనండి. మీరు ఆలోచిస్తూ కూర్చుంటే మళ్ళీ పోయినేడే అవుద్దండి” అన్నాడు. పిన్నిగారి చెయ్యి కొంగు కొసను నలపడం చూశాను. మర్నాడే రేపల్లె వెళ్ళాం. బకెట్ల కొట్లో ఎరుపు ఉంది, నీలం ఉంది, చిలకాకుపచ్చ ఉంది. ఆ రంగు ఒక్కటీ లేదు. ఆవిడ గట్టిగా ఊపిరి వదిలి, ఇంకా రాలేదు అబ్బాయ్, ముందున్నాం అన్నారు. నా లెక్కా అదే చెప్పింది.

అక్కణ్ణుంచి బాపట్ల వెళ్ళాం. అక్కడ మాకు నేసే కుటుంబం వెంకటస్వామిది. రెండు మగ్గాలు, ఒకటి అతను, ఒకటి భార్య నాగమణి. ఆ రంగు తప్ప వేరే ఏదీ ఆ ఏడు నేయొద్దని పిన్నిగారు చెప్పారు. మేం తీసుకెళ్ళిన నమూనా నూలు కండెను నాగమణి వెలుగులో తిప్పి చూసి పక్కన పెట్టింది. నచ్చలేదా అని పిన్నిగారు అడిగితే, “మాకేంటమ్మగారూ, మీరు పంపిందే మాకు రంగు” అంది.

చీరలు తయారై రేపల్లె షాపులకు చేరిన వారానికి ఫోను వచ్చింది, సరుకు కదలడం లేదని. పిన్నిగారు నమ్మక, నన్ను తీసుకుని తానే వెళ్ళి షాపులో ఒక మూల కూర్చున్నారు. ఏటి ఒడ్డు లంకల నుంచి వచ్చిన ఆడవాళ్ళు చీర మీద చెయ్యి వేసి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకుంటున్నారు. ఒక పెద్దావిడ మడత పక్కకు నెట్టి, “ఎందుకమ్మా ఈ రంగు. మొన్నటిదాకా గోడలమీదా బట్టలమీదా ఉతికీ కడిగీ వదిలించుకున్నది ఇదేగా” అంది.

అంతకుముందు ఏడు వాళ్ళ ఇళ్ళల్లో వరద నిలిచింది. నీళ్ళు తీశాక గోడమీద మిగిలిన ఒండ్రు చార సరిగ్గా ఆ రంగే. అవతల గదిలో వాళ్ళకు శాంతంగా కనిపించింది ఇక్కడివాళ్ళకు నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో చూపించే గీత. పిన్నిగారు లేచి స్టేషన్ దాకా నడిచారు. బకెట్ల కొట్టు ముందు ఆగి, ఈ రంగు ఇంకా రాలేదా బాబాయ్ అని అడిగారు. “ఎప్పుడో వచ్చిందమ్మా. నేనే లారీలోంచి దింపనివ్వలా. బురద రంగు బకెట్టు ఇక్కడెవరు కొంటారు?” అన్నాడతను, ఎంతో మామూలుగా.

తిరుగు రైల్లో నేను మళ్ళీ లెక్క వేశాను. నాకు అంతవరకు సున్నా అంటే ఒకటే అర్థం, ఇంకా రాలేదని. ఆ రోజునుంచి రెండు.

షాపులవాళ్ళు తిప్పి పంపిన చీరలన్నీ పిన్నిగారు వెనక్కి తీసుకున్నారు. నేతకూలిలో పైసా తగ్గించలేదు. అందుకే మేడగది పోయింది, బీరువాలు పోయాయి. కొత్త నూలు పంపే దారి లేక మగ్గాలు ఆగాయి, కొత్త సరుకు లేక షాపులవాళ్ళు రావడం మానేశారు. ఇక నూలు పంపలేమని చెప్పడానికి బాపట్ల వెళ్ళినప్పుడు నాగమణి పడుగు లేని మగ్గం పక్కన నిలబడి ఉంది. పిన్నిగారు ఆమె చెయ్యి పట్టుకుని, “ఆ రోజు కండె తిప్పి చూశావే, ఏదో అందామనుకున్నావు. వేరే రంగు వద్దని ముందే చెప్పేసి, నేనే అననివ్వలేదు. కొట్టు మళ్ళీ లేచాక మొదటి చీర నువ్వు చెప్పిన రంగులో నేయిస్తాను. అది నీకే” అన్నారు. ఆ చలికాలం గడవకుండానే ఆవిడ గుండె ఆగిపోయింది.

చిన్న కొట్టుగా నేను మళ్ళీ మొదలుపెట్టాను. నాగమణి ఇంట్లో ఒక మగ్గం ఆడుతోంది. కార్డులో చూసిన ఏ రంగు మా వైపు కనిపించకపోయినా, రాలేదా, రానివ్వలేదా అని ఊరూరా తిరిగి అడుగుతాను. అడిగేదాకా నాకూ అన్నం సయించదు. ఆ భయం ఆవిడ ఇచ్చిపోయిందే.

ఇవాళ ఆ కార్డు పట్టుకుని బాపట్ల వెళ్ళాను. నాగమణి ముందు పరిచి, ఇందులోది కాకపోయినా సరే, నీకు ఏ రంగు కావాలో చెప్పమ్మా అన్నాను. పిన్నిగారు మాటిచ్చిన ఆ మొదటి చీర కోసం ఏటా అడుగుతూనే ఉన్నాను. ఆమె కార్డు వంక చూసింది, ఆడుతున్న మగ్గం వంక చూసింది. వేలు ఒక రంగు దాకా వెళ్ళి ఆగింది.

“వద్దులే అన్నా. నేను చెప్పింది తప్పయితే ఇదీ ఆగుద్ది” అంది.

కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాను. లెక్కలో ఇంకా ఇవ్వాల్సింది, చీర ఒకటి.