మా ఇంటి ఫోను తీగ, కన్యకమ్మ గారి గంట

మొన్న గోడలకి రంగు వేయిద్దామని హాల్లో బీరువా జరిపిస్తుంటే, గోడలోంచి పొడుచుకొచ్చిన రెండు రాగి తీగల కొసలు నా అరచేతిలో గుచ్చుకున్నాయి. రక్తం ధారగా కారింది. అంటే, ధార ఏమీ కాదు, ఒక చుక్క. నా వయసులో చుక్కని ధార చెయ్యకపోతే ఇంట్లో ఎవరూ తల తిప్పి చూడరు. ఆ చుక్కని నోట్లో పెట్టుకుంటే ఉప్పగా, చిలుమెక్కిన రాగి రుచి తగిలింది. ఆ రుచితో పాటే కన్యకమ్మ గారు గుర్తొచ్చారు. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే రోడ్డు మీద, మా అపార్ట్‌మెంటు కిందే, ఆవిడకి ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్టు ఉండేది. కాపురం రెండో అంతస్తులో. వాళ్ల నెత్తి మీద, మూడో అంతస్తులో మేము. నాకు అరవై దాటాక ఆవిడ నాకో పని నేర్పారు. అప్పటికి నేను నేర్చుకోవలసింది ఇంకేదో మిగిలి ఉందన్న అనుమానం నాకు కలలో కూడా లేదు.

ఇంటర్నెట్టు ఇప్పట్లా గాలిలోంచి ఊడిపడని రోజులవి. మా అపార్ట్‌మెంటులో సెల్‌ఫోన్ సిగ్నలు వీధివైపు బాల్కనీ దాకా వచ్చి, లోపలికి రమ్మంటే మొహమాటపడేది. ఆ ఏడు మా అల్లుడు పనిచేసే జూట్ మిల్లు మూతపడింది. అతనూ, మా అమ్మాయి సుభద్రా, చంటిపిల్లాడితో నా దగ్గరికి వచ్చేశారు. అల్లుడు పొద్దున్నే పని వెతుక్కుంటూ విజయనగరం బస్సెక్కేవాడు, సాయంత్రం వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ పడుకోవడం చూడలేక నేను బాల్కనీలో కూర్చునేవాణ్ణి. అలాంటప్పుడు విశాఖపట్నంలో ఒక కంపెనీ వాళ్లు సుభద్రకి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఇస్తామన్నారు. డాక్టర్లు రికార్డు చేసిన మాటలు విని టైపు చెయ్యడం. షరతు ఒకటే. తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఇంట్లో ఉండాలి. సోమవారం పొద్దున వాళ్ల ఆఫీసు నుంచి లైనునీ, అమ్మాయినీ కలిపి పరీక్షిస్తారు. లైను లేకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాత ఉన్న మనిషికి వెళ్లిపోతుంది.

మా వీధికి కొత్త లైన్లు లేవన్నారు టెలిఫోను ఆఫీసులో. కానీ మా ఫ్లాటులో పాతది ఒకటి ఉంది. నాకంటే ముందు అక్కడున్నాయన ఫోను పెట్టించుకుని, కొన్నేళ్లకి తీసేయించుకున్నాడు. ఫోను పోయింది గానీ తీగ గోడలోనే నిద్రపోతోంది. దాన్ని లేపితే చాలు. "ఆ ఆఫీసరు నా చేతిలో మనిషే. నరసన్నపేట లారీ ఆఫీసులో నేను గుమాస్తాగా ఉన్నప్పుడు వాళ్లింటి సామానంతా నేనే దగ్గరుండి ఎక్కించాను. నన్ను చూస్తే లేచి నిలబడతాడు" అని సుభద్రతో కోతలు కోశాను. ఆయన లేచి నిలబడిన మాట నిజమే. భోజనానికి వెళ్లడానికి. ఆ ఆఫీసు బల్ల మీద రోజూ కూర్చుని, అటు వెళ్లిన ప్రతివాడికీ నమస్కారం పెట్టి, ఆఖరికి శనివారం మధ్యాహ్నానికి ఒక లైన్‌మన్‌ని సంపాదించాను.

లైన్‌మన్ పేరు అప్పలనాయుడు. బుగ్గన కిళ్లీ, మెడలో వేలాడే టెస్టు ఫోను. గుమ్మంలోనే చెప్పేశాడు. "సాయంత్రం బస్సుకి మా ఊరెల్లిపోతన్నాను. మల్లీ మంగళారమే. బేగి కానిచ్చీయాల." మెట్ల కింద ఉన్న డబ్బా తెరిచి మా తీగ పట్టుకుని చూశాడు. పైకొచ్చి మా హాల్లో చూశాడు. మళ్లీ దిగాడు, మళ్లీ ఎక్కాడు. సుభద్ర పిల్లాణ్ణి చంకనేసుకుని అతని మొహమే చూస్తోంది. రెండోసారి వచ్చేటప్పటికి ఆ మొహం మారింది.

"తాతగారూ, మీ తీగని మద్దిలో ఎవులో తెంపీసినారు. పైముక్క ఊరికే ఉన్నాది. కిందముక్క రెండో అంతస్తు కిటికీలోకి దూరింది. అడుగున డబ్బాలోంచి సీదాగా కొట్టులోకి ఎల్లిపోనాది."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆలు తీసీమంటే నేను అతికీగలను. ఆలు ఒప్పుకోకపోతే నా బస్సుకి నేనెల్లిపోతాను."

నాకు ఒళ్లు మండిపోయింది. మెట్లు దిగుతూ మంచి ఉపన్యాసం తయారు చేసుకున్నాను. అందులో పోలీసులు కూడా ఉన్నారు. కన్యకమ్మ గారి తలుపు ఎప్పుడూ దగ్గరగా వేసే ఉంటుంది తప్ప గడియ ఉండదు. తోసుకుని వెళ్లాను. లోపల ఆవిడ భర్త సన్యాసిరావు మంచం మీద ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయిందనీ, నోట మాట లేదనీ నాకు తెలుసు. తెలుసు గానీ, ఆ గడప తొక్కడం అదే మొదలు. ఎడమచేతికి అందేలా మంచం పట్టీకి చీరపేలికతో ఒక కాలింగుబెల్లు స్విచ్చి కట్టి ఉంది. దాని నుంచి మా ఫోను తీగ కిటికీలోకి పాకుతోంది. కోపంతో ఊగిపోతున్న ముసలాణ్ణి చూసి అతను ఆ స్విచ్చిని గబగబా నొక్కాడు. కింద ఎక్కడో గంట మోగింది. ఆ వెంటనే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

"ఏటైంది? ఏటైంది మీకు?" అంటూ కన్యకమ్మ గారు పరిగెత్తుకొచ్చారు. నన్ను దాటుకుని వెళ్లి ముందు భర్త నుదురు చూశారు, మెడ కింద చెయ్యి పెట్టి చూశారు, అప్పుడు నా వైపు తిరిగారు. నా ఉపన్యాసమంతా ఎటు పోయిందో, నోట్లోంచి ఒక్క ముక్కే వచ్చింది.

"అమ్మా, ఈ తీగ మాది."

"మీదే, బాబాయిగారూ." ఆవిడ ఆయాసపడుతూనే అన్నారు. "మీ ముందరాయన్ని అడిగే తీసుకున్నాను. ఎవులైనా వచ్చి అడిగితే ఇచ్చీమ్మా అన్నారు. మీరు దిగిన నాడే పైకొచ్చి సెప్పవలసింది. రోజూ అనుకుంటన్నాను. ఈ పెద్దాయనకి ఫోనెందుకులే అని ఊరుకున్నాను."

ఈలోపు అప్పలనాయుడు, సుభద్ర కూడా గుమ్మంలోకి వచ్చారు. సోమవారం సంగతి సుభద్రే చెప్పింది, నేను కాదు. కన్యకమ్మ గారు విన్నారు. కొట్లో బేరాలకి ఆవిడ ఒకటే మాట చెబుతారని పేరు. ఇక్కడా అంతే. "తీసీ నాయనా" అన్నారు అప్పలనాయుడితో.

"గంటకి ఇంకో తీగ ఏయించుకోండమ్మా" అన్నాడు అతను, కాస్త తగ్గి.

"పైపులోంచి లాగడం ఈ గంట పెట్టిన ఎలట్రీ అతనికే తెలుసు. కళింగపట్నంలో సెల్లి పెల్లికి ఎల్లిపోనాడు. మంగళారం గానీ రాడు. పర్లేదు, కొట్టు కట్టీసి నేనే ఈయన కాడ కూకుంటాను."

పెళ్లిళ్ల రోజులు. సారె సామాన్లకి జనం తోసుకుంటూ వచ్చే రోజులు. కొట్టు మూసిన రోజున కొనేవాళ్లు పక్క వీధికి అలవాటు పడతారని ఆ గదిలో అందరికీ తెలుసు. అప్పుడు నేను ముందుకొచ్చి, "కొట్టు మూయకండి, సన్యాసిరావు దగ్గర నేను కూర్చుంటాను" అన్నానని ఇప్పటికి చాలామందితో చెప్పాను. వాళ్లంతా మెచ్చుకున్నారు. అన్నది సుభద్ర. "కొట్టు మూయకండి పిన్నిగారూ. మా నాన్న ఖాళీయే. ఆయన కూర్చుంటారు" అంది, నా వైపు చూడకుండా. నేను తల ఊపాను. ఆ ఊపడం మాత్రం నాదే.

సాయంత్రానికి మా హాల్లో మోడెము లైటు పచ్చగా వెలిగింది. కింద గంట మూగబోయింది. ఆదివారం కొట్టు ఒంటిపూటే కాబట్టి నా కాపలా సుఖంగా సాగింది. ఆవిడ గడియకోసారి పైకొచ్చి పోయేవారు. నేను సన్యాసిరావుకి నా లారీ కథలు చెప్పాను. తుఫానులో వంశధార పొంగితే లారీని ఈదించిన కథ కూడా. లేచి వెళ్లిపోలేని శ్రోత నాకు జీవితంలో అతనొక్కడే దొరికాడు.

సోమవారం అలా లేదు. పొద్దున్నే సుభద్ర నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "నాన్నా, పరీక్షలో వాళ్లు నాతో మాట్లాడుతూ ఉంటారు. మైకు ఆన్‌లో ఉంటుంది. నా కిటికీ కిందే వాళ్ల బాల్కనీ. కిటికీ మూస్తే పిల్లాడు ఉక్కకి లేచి ఏడుస్తాడు. నీ గొంతు పైకి రానివ్వకు, నీకు దణ్ణం పెడతాను." కింద కొట్లో అప్పటికే ఒక పెళ్లివారు దిగారు. కన్యకమ్మ గారు పైకి రావడం పడలేదు. పరీక్ష మొదలై ఉంటుంది అనుకుంటుండగా సన్యాసిరావు స్విచ్చి నొక్కాడు. గంట లేదు కదా అన్నాను. మళ్లీ నొక్కాడు. మంచినీళ్లు పట్టాను, తోసేశాడు. పక్కకి తిప్పాను, ఫ్యాను పెంచాను, దొడ్డికా అని అడిగాను. దేనికీ కాదు. ఆ చచ్చిపోయిన స్విచ్చినే బొటనవేలితో ఆగి ఆగి నొక్కుతూ నా కళ్లలోకి చూస్తున్నాడు. మొహం ఎర్రబడింది. ఊపిరి ఈలలా వస్తోంది. ఒళ్లంతా చెమటలు పట్టి మంచం అంచుకి జారుతున్నాడు.

సెల్లు తీశాను, లోపల సిగ్నలు లేదు. బాల్కనీలోకి వెళ్లి చేద్దామన్నా కన్యకమ్మ గారి నంబరు నేనెప్పుడూ అడిగి తీసుకోలేదు. దిగి వెళ్దామంటే ఈ మనిషి కింద పడతాడు. నాలుగడుగులేస్తే బాల్కనీ, అక్కణ్ణించి కేకేస్తే కొట్లోకి వినపడుతుంది. కానీ ఆ కేక ముందు మా అమ్మాయి మైకులో పడుతుంది. పైనుంచి సుభద్ర గొంతు సన్నగా వినిపిస్తోంది, "ఎస్ మేడమ్, ఎస్ మేడమ్" అని. గోడవైపు తిరిగి పడుకునే అల్లుడు కళ్లముందు మెదిలాడు. సన్యాసిరావుకి దిండ్లు అడ్డం పెట్టి, బాల్కనీ తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వెనక ఆ ఈల ఆగి, గొంతులో ఏదో గురగురమంది. నరసన్నపేటలో అవతల వీధికి వినిపించిన గొంతు నాది. దాన్ని మొత్తం తీశాను.

"కన్యకమ్మా!"

మెట్ల మీద చెప్పుల చప్పుడు వస్తుందనుకున్నాను. రాలేదు. కింద నుంచి టంగుమని ఒక చప్పుడొచ్చింది, ఇత్తడి బిందె మీద గరిటెతో కొట్టినట్టు. వెనక్కి తిరిగి చూద్దును కదా, సన్యాసిరావు చెయ్యి స్విచ్చి వదిలేసి దుప్పటి మీద పడి ఉంది. నా ప్రాణం పోయింది. దగ్గరికెళ్లి చూస్తే ఊపిరి మెల్లగా, పసిపిల్లాడిలా ఆడుతోంది. కళ్లు మూసుకున్నాడు.

కన్యకమ్మ గారు వచ్చేటప్పటికి నేను నేల మీద కూలబడి ఉన్నాను. నన్ను చూసి ఆవిడ కొంగుతో నోరు కప్పుకున్నారు. "అయ్యో, మీకు సెప్పనేలేదు కదా, బాబాయిగారూ! గబగబా నొక్కితే పనున్నట్టు. ఒక్కపాలి నొక్కితే ఏటీ లేనట్టు. నేను కింద బిందె కొడతాను, అంతే."

"ఏమీ లేకపోతే నొక్కడమెందుకమ్మా?"

"ఉన్నానా లేదా అని." ఆవిడ అతని మెడ కింద చెమట తుడుస్తూ అన్నారు. "ఎంత బేరంలో ఉన్నా ముందర పలకాల కదండీ. పని తరవాత."

లారీ ఆఫీసు కిటికీ అవతల డ్రైవర్లు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నా, చెబుతున్న కథ పూర్తయితే గానీ తల ఎత్తని మనిషిని నేను.

మధ్యాహ్నం సుభద్ర దిగి వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు. "నీ కేక విశాఖపట్నం దాకా వెళ్లింది, నాన్నా. ఎవరది అని అడిగింది పరీక్ష చేసే మేడమ్. కింద ఇంట్లో ఒకాయనకి బాగోలేదు, మా నాన్న పిలుస్తున్నారు అన్నాను. కంగారు పడకండి, మళ్లీ మొదట్నుంచి చేద్దాం అంది."

"తర్వాత?"

"చేశాను. సాయంత్రం చెబుతామన్నారు."

ఆ సాయంత్రం ఎలా గడిచిందో రాయను. అల్లుడు బస్సు దిగి వచ్చి, గోడవైపు తిరక్కుండా మా మధ్య కూర్చున్నాడు. బాల్కనీలో పెట్టి ఉంచిన సెల్లు మోగింది. సుభద్ర బాల్కనీలోకి పరిగెత్తింది. వచ్చి, "లైను బాగుందట. నన్ను తీసుకున్నారు. ఇకమీదట కిటికీ మూసుకోమన్నారు" అంది. నవ్వబోయి ఏడ్చింది. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి గంటకి వేరే తీగ లాగాడు. ఆ తీగ నేనే లాగానని కూడా ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. నేను నిచ్చెన పట్టుకున్నాను. అదీ మొదట్లో కాసేపు.

ఆ తర్వాత రెండేళ్లకి సన్యాసిరావు పోయాడు. కన్యకమ్మ గారు కొట్టు నడుపుతూనే ఉన్నారు. దినకర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం నేను పేపరు చదువుకుంటుంటే కింద నుంచి టంగుమని వినిపించింది. నాకు తెలియకుండానే లేచి, బాల్కనీలోంచి "ఉన్నానమ్మా!" అని కేకేశాను. ఆవిడ రోడ్డు మీదికి వచ్చి తలెత్తి చూశారు. కళ్లు తుడుచుకున్నారని రాద్దామని ఉంది. అలాంటిదేమీ లేదు. కొనేవాళ్లకి బిందె పగుల్లేదని మోగించి చూపిస్తున్నారట. "బేరం సూసుకోనీయండి, బాబాయిగారూ!" అని నవ్వి లోపలికి వెళ్లిపోయారు.

మరుసటేడు కొట్టు అమ్మేసి విజయనగరంలో అన్నగారింటికి వెళ్లిపోయారు. అక్కడే కాలం చేశారని ఆలస్యంగా తెలిసింది. ఆవిడ అలవాటు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో ఏ మూల నుంచి ఎవరు పిలిచినా, ఎవరిని, ఎందుకు అని చూడకుండా ముందు పలుకుతాను. ఒక్కోసారి వాళ్లు పిలిచింది నన్ను కాదు. అయినా పలుకుతాను.