సారవ్వ పేరు మీద నంబరు

సారవ్వ తండ్రి ఆగయ్య బొగ్గు బాయిలో దిగి దిగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇక లోపలికి దిగడానికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. ఆయన ఉద్యోగం ఇంట్లోవాళ్లకు ఇవ్వొచ్చునన్నారు. ఇంట్లో ఉన్నదల్లా ఒక్కగానొక్క బిడ్డ సారవ్వ, ఆమెను కట్టుకుని ఇల్లరికం వచ్చిన బుచ్చన్న. అల్లుడంటే సవాలక్ష అడుగుతారు, కొడుకని రాయిస్తే అడిగేవాడే ఉండడని బస్తీలో తెలిసినవాళ్లు చెవిలో ఊదారు. గోదావరిఖనిలో అలాంటి సలహాలకు ఎన్నడూ కరువు లేదు. మారుపేరుతో డ్యూటీకి దిగేవాళ్లూ, మామకు కొడుకైనవాళ్లూ వాడకొకరు దొరికే కాలం అది. అట్లా బుచ్చన్న కాగితం మీద ఆగయ్య కొడుకయ్యాడు.

మరి సారవ్వ ఏమవుతుందని ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు. ఆఫీసులో భార్య పేరు అడిగినప్పుడు తట్టింది. ఆగయ్య బిడ్డ సారవ్వ అంటే కొంప మునుగుతుంది. బుచ్చన్న తడబడి, చనిపోయిన తన మేనత్త పేరు చెప్పేశాడు. ఆ రోజు నుంచి సారవ్వ పూలమ్మ. దవాఖాన పుస్తకంలో పూలమ్మ, రేషన్ కార్డులో పూలమ్మ, ఓటర్ల లిస్టులో పూలమ్మ. కాన్పు నొప్పుల్లో నర్సు "పూలమ్మా" అని పిలిస్తే పలకనందుకు చీవాట్లు కూడా తిన్నది. ఇద్దరు పిల్లలకూ ఆ పేరే తల్లి పేరుగా రాసుకున్నారు.

ఆగయ్య పోయాక ఆ ఇంటి ముందరి గదిలో సారవ్వ కుట్టు మిషన్ వేసుకుంది. మొదట లంగాలు, జాకెట్లు. తర్వాత బడి పిల్లల బట్టలు. ఆమె వేసిన కాజా ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. పక్కింటి రబియా బీ వచ్చి గుండీలు కుట్టిపెట్టేది. రెండో మిషన్ వచ్చింది, మూడోదీ వచ్చింది. తొంభై రెండులో కార్మికుల సహకార స్టోరు మేనేజరు పిలిచి, బడి యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు, పక్కా బిల్లు కావాలి. బిల్లు మీద అమ్మకం పన్ను నంబరు ఉండాలి.

"పూలమ్మ పేరు మీద తీస్కుందం. రేషన్ కార్డు ఉండనే ఉన్నది, జల్ది అయితది" అన్నాడు బుచ్చన్న.

సారవ్వ మిషన్ ఆపింది. "పూలమ్మకు కుట్టుడు వచ్చునా?"

"గదేం మాట?"

"నీ నౌకరి కోసం నా పేరు ఇచ్చిన. మా నాయినకు బిడ్డనే లేకుండ చేసిన్రు, ఊకున్న. గీ మిషన్ నేను తొక్కిన. నంబరు నా పేరు మీదనే రావాలె."

బుచ్చన్న చెడ్డవాడు కాదు, పిరికివాడు. ఆ రెండింటికీ ఇంట్లో ఉండే ఆడదానికి పెద్ద తేడా ఏమీ కనిపించదు. రెండు రోజులు గొణిగి చివరికి ఒప్పుకున్నాడు. సారవ్వ దగ్గర ఆమె పేరుతో ఉన్నది ఒకే ఒక్క కాగితం. కాసిపేట బడిలో అయిదో తరగతి చదివినట్టు ఇచ్చిన సర్టిఫికెట్. సారవ్వ, తండ్రి ఆగయ్య. ఇంటి పన్నేమో కొడుకు హోదాలో బుచ్చన్న పేరుకు మారింది. కాబట్టి ఇంటి యజమానిగా అతను ఒప్పుకోలు రాసివ్వాలి. రాసిచ్చాడు, "నా చెల్లెలు సారవ్వ నా ఇంట్లో కుట్టు పని చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు" అని. రాస్తున్నంతసేపూ సారవ్వ అటు చూడలేదు.

నంబరు ఇచ్చే ముందు ఇన్‌స్పెక్టర్ వచ్చి దుకాణం చూసుకుంటాడు. వచ్చే రోజు తెలిసింది. పొద్దున్నే పిల్లలిద్దరినీ రబియా బీ ఇంట్లో దింపింది సారవ్వ. మట్టెలు తీసి డబ్బాలో వేసింది. పుస్తెలతాడు తియ్యడానికి చేతులు రాలేదు. జాకెట్ లోపలికి తోసి కొంగు నిండా కప్పుకుంది.

"గిదేం ఖర్మనే, మొగుణ్ణి అన్న అంటవా? తోబా తోబా" అని రబియా బీ చెంపలు వేసుకుంది.

"నాకేం సరదానా అక్కా" అన్నది సారవ్వ.

ఇన్‌స్పెక్టర్ మర్యాదస్తుడు. మిషన్లు చూశాడు, కుట్టిన బట్టలు తిప్పి చూసి మెచ్చుకున్నాడు. నిలబెట్టి మాట్లాడుతున్నామని నొచ్చుకుని సారవ్వ బుచ్చన్న వైపు తిరిగింది. "అన్నా, సారుకు ఛాయ్ చెప్పు."

బుచ్చన్న తల దించుకుని బయటికి పోయాడు. ఛాయ్ తాగుతూ ఇన్‌స్పెక్టర్, "చెల్లె ఇంత పనిమంతురాలు. ఇంకా పెండ్లెందుకు చెయ్యలేదయ్యా?" అని అడిగాడు. "చూస్తున్నం సార్" అన్నాడు బుచ్చన్న. ఇంత సులువుగా ఎట్లా అనగలిగాడని సారవ్వకు ఒళ్లు మండింది. తను మాత్రం అన్నా అని పిలవలేదా? ఆ మంట సగం తన మీదే.

నంబరు వచ్చింది. ప్రొప్రైటర్ సారవ్వ, తండ్రి ఆగయ్య. ఆ కాగితానికి అద్దం కట్టించి మిషన్ ఎదురుగా గోడకు తగిలించింది. ఎవరూ లేనప్పుడు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదువుకునేది. రెండేళ్లు స్టోరుకు బట్టలు పోయాయి. ప్రతి బిల్లు కిందా ఆమె సంతకం పెట్టింది. అంత తృప్తిగా ఆమె ఇంకెన్నడూ బతకలేదు.

ఎవరి కన్ను కుట్టిందో, ఎవరు రాశారో, కంపెనీకి ఒక ఆకాశరామన్న ఉత్తరం పోయింది. బుచ్చన్న ఆగయ్య కొడుకు కాడు, చెల్లెలని చెప్పే మనిషే అతని పెళ్లాం, కావాలంటే పన్ను ఆఫీసులో విచారించుకోండి అని. విచారణ అధికారి బుచ్చన్నను పిలిచాడు. కోప్పడలేదు, బెదిరించలేదు. చాలా తేలికైన పని చెప్పాడు.

"నీ చెల్లె సారవ్వను, నీ భార్య పూలమ్మను ఇద్దరినీ సోమవారం నా ముందుకు తీసుకురా. చూసి ఫైలు మూసేస్త."

బుచ్చన్న నోట అప్పుడు వచ్చిన మాట రాకపోయినా బాగుండేది. "చెల్లె సచ్చిపోయింది సార్" అన్నాడు.

"మరి ఆమె నంబరు నడుస్తున్నదట గదా? అది రద్దు చేయించి, ఆ కాయితం పట్టుకురా."

ఇంటికొచ్చి బుచ్చన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంగతంతా చెప్పాడు. నౌకరి పోతే పిల్లల గతేమిటన్నాడు. పూలమ్మను చంపడానికి వీల్లేదు, ఆమె పిల్లల తల్లి. సారవ్వకు ఎవరున్నారు? తండ్రి లేడు, మొగుడు లేడు, పిల్లలు లేరు. చంపడానికి అంత అనువైన మనిషి మరొకరు దొరకరు.

"నేను పోయి రాసిచ్చి వస్త" అన్నాడు.

"నువ్వొద్దు. నన్ను నేనే పోగొట్టుకుంట" అన్నది సారవ్వ. అద్దం విప్పి కాగితం తీసుకుంది.

వెనకటి ఇన్‌స్పెక్టర్ బదిలీ మీద పోయాడు. పెద్దపల్లి ఆఫీసులో ఆమె మొహం ఎరిగినవాళ్లెవరూ లేరు. గుమాస్తా కాగితం అందుకుని, దరఖాస్తు తానే రాశాడు.

"సచ్చిపోయినామె నీకేమైతదమ్మా?"

"ఆడిబిడ్డ."

"నీ పేరు?"

"పూలమ్మ."

"ఎట్ల పోయింది?"

దానికి జవాబు ఆలోచించుకుని రాలేదు. "ఇంట్లనే, సారూ" అన్నది.

గుమాస్తా రిజిస్టరు తిప్పి, సారవ్వ, తండ్రి ఆగయ్య అని ఉన్న వరుస దగ్గర స్కేలు పెట్టి ఎర్ర సిరాతో కొట్టేశాడు. సంతకం పెట్టమని దరఖాస్తు ముందుకు జరిపాడు. చేతి అలవాటుకు 'సా' అని పడింది. దాన్ని చెరిపి, పూలమ్మ అని రాసింది. రాసి అక్కడే బల్ల అంచు పట్టుకుని బిగ్గరగా ఏడ్చింది. ఆఫీసంతా తలెత్తి చూసింది.

గుమాస్తా లేచి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. "ఊకో అమ్మా. ఆడిబిడ్డ కోసం గింతగనం ఏడ్చే వదినెను నేనెక్కడ సూడలే" అన్నాడు.